చివరి పెట్టె మనిషి

రైల్వే గేటు పడితే ఇప్పుడు నేను కారు దిగుతాను. మా ఆవిడకు ఇది మహా చిరాకు. "ఏసీలో కూర్చోక ఆ ఎండలో ఏం చూస్తారండీ, రైలెప్పుడూ చూడనట్టు!" అంటుంది. నేను చూసేది రైలును కాదు, రైలు వెనకను. గూడ్సయితే యాభై పెట్టెల పైనే ఉంటుంది. అన్నీ వెళ్లేదాకా ఆగి, ఆఖరి పెట్టెకు వేలాడే పసుపుపచ్చ రేకు, దాని మీద ఇంగ్లీషులో 'ఎల్వీ' అన్న రెండక్షరాలు కనపడ్డాకే వచ్చి స్టీరింగ్ పట్టుకుంటాను. అప్పటికి వెనకాల ఆటోలవాళ్లు నా వంశాన్ని తలుచుకుంటూ ఉంటారు.

ఈ జబ్బు నాకు ఒకాయన అంటించారు. ఆయన పోయి ఏడాది దాటింది.

మా వాకర్స్ క్లబ్బులో ఆయన్ని అందరం గార్డు గారనే పిలిచేవాళ్లం. పేరు మెంబర్ల పుస్తకంలో ఉంది గాని ఎవరూ వాడిన పాపాన పోలేదు. బెజవాడలో గూడ్సు గార్డుగా ఉద్యోగం చేసి గూడ్సు గార్డుగానే రిటైరయ్యారు. పాసింజరు బండికి ప్రమోషనిస్తామంటే వద్దన్నారట. ఎందుకండీ అని అడిగితే, "పాసింజర్లో జనం ఉంటారండీ. ప్రతి స్టేషన్లోనూ దిగి 'ఎందుకాగింది, ఎప్పుడు కదుల్తుంది' అంటారు. బొగ్గు అడగదు" అన్నారు. ఈ మధ్య గార్డు అన్న మాట తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు కదా, ఆ సంగతి ఎత్తితే మాత్రం ముఖం మాడ్చుకునేవారు. "మేనేజ్ చేసేదేముందండీ, కనిపెట్టుకుని ఉండటమే గాని" అని ఊరుకునేవారు.

పొట్టి మనిషి. ఎండైనా వానైనా ఖాకీ రంగు భుజం సంచీ. ఆ సంచీ వెనకవైపు, తెలిసిన పెయింటరు చేత రాయించుకున్న చిన్న రేకు కుట్టించుకున్నారు. పసుపు మీద నల్లటి అక్షరాలు, ఎల్వీ. ఏలూరు కాలువ గట్టు మీద పొద్దున్నే మేం ముప్ఫై మందిమి నడుస్తుంటే ఆయన అందరికన్నా వెనక నడిచేవారు. కాళ్లలో బలం లేక కాదు, అదే ఆయన చోటు. ఎవరైనా ఫోన్ మాట్లాడుతూ ఆగితే ఆయనా ఆగేవారు. ఎవరైనా చెప్పు సరిచేసుకోవడానికి వంగితే కాలువ వైపు తిరిగి నీళ్లు చూస్తూ నిలబడేవారు. పదండి అని ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

చేరిన కొత్తల్లో నేను నవ్వాను. నవ్వడానికి నాకు కారణం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. ర్యాంకుల దుకాణం అది. మొదటివాడి ఫొటో బస్సు వెనకాల, చివరివాడి పేరు ఎక్కడా ఉండదు. అలాంటి చోట పండిన బుర్ర కదా, పదవీ విరమణ తరువాత నడకలో కూడా అందరికంటే ముందుండకపోతే నాకు అన్నం సయించేది కాదు. ఒకరోజు టీ కొట్టు దగ్గర అడిగాను, "ఏమండీ, కోరి కోరి ఆఖరు ర్యాంకు తెచ్చుకుంటారేం?" అని.

ఆయన కోపం తెచ్చుకోలేదు. రేకు చూపించి, "లాస్ట్ వెహికల్ అని గుర్తండీ ఇది. స్టేషన్లో మనిషి ఇంజను వచ్చిందా అని చూడడు మాస్టారూ. ఇంజను ఎటూ వస్తుంది. ఈ బోర్డు వచ్చిందా అని చూస్తాడు. ఇది కనపడితేనే బండి మొత్తం వచ్చినట్టు. అప్పుడే వెనక బండికి లైను క్లియరిస్తాడు. కనపడకపోతే, సగం బండి దార్లో ఎక్కడో తెగిపడి ఉందన్నమాట" అన్నారు. తరువాత టీ ఊదుకుంటూ, "ముందు నడిచేవాడికి దారి తెలిస్తే చాలండీ. వెనక నడిచేవాడికి మనుషులు తెలియాలి" అన్నారు.

నాకు అది గొప్పగా ఏమీ అనిపించలేదు. వెనకపడ్డవాళ్లంతా ఏదో ఒక వేదాంతం చెబుతారు అనుకున్నాను.

కాని క్లబ్బు మొత్తానికి ఆ బోర్డు పట్టుకుంది. మా ప్రెసిడెంటు గారిది మందుల హోల్‌సేలు. ఆయనకు విజిలంటే సరదా. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా బస్సెక్కేముందు తలలు లెక్కపెట్టేవారు. ఒకసారి ముప్ఫై ఒకటి, ఒకసారి ఇరవై తొమ్మిది వచ్చేది, మళ్లీ మొదటికి. గార్డు గారొచ్చాక లెక్క మానేశారు. దూరాన పసుపు రేకు కనపడగానే "ఎల్వీ వచ్చేసింది!" అని విజిల్ వేయడం, అందరం కదలడం. ఆరేడేళ్లు అది ఒక్కసారి కూడా తప్పలేదు.

టీ కొట్టు దగ్గర రోజూ ఇంకో తంతు ఉండేది. గార్డు గారు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆ రోజు రిపోర్టు చదివేవారు. కళ్లజోడు ముక్కు చివరికి జారేది. "బయలు ఐదు నలభై. రాక ఏడు పన్నెండు. ఆలస్యం నాలుగు నిమిషాలు. కారణం: గేదెలు." ఇంకోరోజు కారణం: బంగారం ధర మీద చర్చ. మరోరోజు కారణం: ప్రెసిడెంటు గారి వియ్యంకుడి ఫోను. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. రిపోర్టు రిపోర్టే.

ఆయన అలవాట్లు అన్నీ, గూడ్సు చివర గార్డు కూర్చునే ఆ బ్రేక్ వ్యానులోంచి దిగినవే. బస్సులో వెనక సీటే. ఆటో ఎక్కితే వెనక్కి తిరిగి చూస్తూ కూర్చునేవారు. పెళ్లి భోజనాల్లో ఆఖరు బంతి. "మీరంతా ఊళ్లు ఎదురొస్తుంటే చూశారండీ. నేను వెళ్లిపోతుంటే చూశాను. ఎదురొచ్చేది చప్పున దాటిపోతుంది. వెనక్కి వెళ్లేది చాలాసేపు కనపడుతుంది" అన్నారు ఒకసారి, అడగకుండానే. రైలు ఔటర్లో గంటలు గంటలు ఆగిపోయినప్పుడు ఏం చేసేవారండీ అంటే, "ఆగేవాణ్ణండీ" అన్నారు.

గుండెలో రెండు స్టెంట్లు ఉండేవి. నాలుక కింద పెట్టుకునే బిళ్లలు సంచీ ముందర అరలో ఉంటాయని మాకందరికీ చెప్పి ఉంచారు, పడిపోతే తీసి పెట్టడానికి.

మూడేళ్ల కిందట మార్చిలో శుక్రవారం సెలవొచ్చి మూడు రోజులు కలిశాయి. సముద్రం ఒడ్డున నడుద్దామని రెండు మినీ బస్సులు మాట్లాడుకుని దివిసీమ వెళ్లాం. మొదటిరోజు మంగినపూడిలో దిగి నడక, స్నానాలు. రెండోరోజు అవనిగడ్డలో బస. మూడోరోజు తెల్లవారుజామునే పాలకాయతిప్ప దగ్గర బస్సులు ఆపి, ఇసుక ఒడ్డు వెంబడి కృష్ణ సముద్రంలో కలిసేచోటికి నడిచి, ఎండ ముదరకముందే వెనక్కి రావాలని ప్లాను. దారిలో ఒక చిన్న పాయ అడ్డం ఉంది. వెళ్లేటప్పుడు చీలమండ లోతు. అందరం చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లల్లా చప్పుడు చేసుకుంటూ దాటాం.

వెళ్లేటప్పుడు నేనే ముందు. నది సముద్రంలో కలిసేచోట ఏం చూశానంటే, నా వెనక ఎవరెవరు ఎంత దూరంలో ఉన్నారో చూశాను. తిరుగు నడకలో దేవుడు లెక్క సరిచేశాడు. కుడి పిక్క పట్టేసింది. ఒక్కొక్కరే నన్ను దాటుతూ "ఏం మాస్టారూ, ఈవేళ ర్యాంకు తగ్గిందే!" అని పరాచికాలు. చివరికి నా పక్కన మిగిలింది గార్డు గారు. ఇసుకలో కూర్చోబెట్టి, పిక్క నొక్కి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి, భుజం ఇచ్చి పాయ దాటించారు. అప్పటికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

ఒడ్డున ఒక దుంగ ఉంటే దాని మీద కూర్చోబెట్టారు. మాకు ఇంకా వెనక ఒకరున్నారు, రజియా మేడం. పాతబస్తీలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పి, అయినా ఒక్క ట్రిప్పు మానరు. ఆవిడ ఇంకా అవతల ఎక్కడో సరుగుడు చెట్ల నీడన ఆగి ఉన్నారు.

గార్డు గారు సంచీ తీసి నా భుజానికి తగిలించారు. "మేడం గారికి చెయ్యి అందించి తీసుకురావాలండీ. ఇది అడ్డం. మీరు ఇక్కడే కూర్చోండి మాస్టారూ. బోర్డు మీ మీద ఉంది, గుర్తుంచుకోండి. మీ వెనక ఎవరూ ఉండకూడదు" అని, ఫ్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, మళ్లీ నీళ్లలోకి దిగారు.

సరేనన్నాను.

పది నిమిషాలు కూర్చున్నాను. పిక్క సర్దుకుంది. దూరంగా మావాళ్ల ఆఖరి గుంపు, నలుగురైదుగురు, ఇంకా కనపడుతూనే ఉన్నారు. వాళ్లను అందుకోగలను అనిపించింది. ఇంతకు మించి నేను ఏ కారణమూ చెప్పలేను. మూడేళ్లు వెతికాను, ఇంకో కారణం దొరకలేదు. లేచి నడిచాను. అందుకున్నాను కూడా. వాళ్లతోపాటే బస్సు దగ్గరికి చేరి, మొదటి బస్సు ఎక్కి, సంచీ కాళ్ల దగ్గర పడేసి, కళ్లు మూసుకున్నాను. బస్సు ఎటూ ఆగుతుంది కదా, వాళ్లొస్తారు కదా అనుకున్నట్టు గుర్తు. తెల్లవారుజామున మూడింటికి లేచినవాణ్ణి, నిద్ర పట్టేసింది. పైన ఎక్కడో విజిల్ వినపడింది.

మెలకువ వచ్చేసరికి బస్సులు కోడూరులో టిఫిన్ హోటలు ముందు ఉన్నాయి. జనం దిగి ఇడ్లీలు తింటున్నారు. గార్డు గారూ మేడమూ రెండో బస్సులో ఉన్నారని మొదటి బస్సువాళ్లు అనుకున్నారు, రెండో బస్సువాళ్లు మొదటి బస్సులో అనుకున్నారు. ఆయన ఎప్పుడూ ఆఖరు బంతే కాబట్టి కనపడకపోయినా ఎవరికీ తేడా తెలియలేదు. రెండో విడత కాఫీ అప్పుడు ఎవరో అన్నారు, "గార్డు గారేరండీ?"

నా కాళ్ల దగ్గర ఆయన సంచీ ఉంది. అందులో వాళ్లిద్దరి నీళ్లూ ఉన్నాయి, బిళ్లలు ఉన్నాయి, ఫోను కూడా ఉంది. నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది. "వెనక్కి తిప్పండి, వెనక్కి తిప్పండి" అని మాత్రం అరిచాను. అందరూ అదే అరుస్తున్నారు.

మేం తిరిగి వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎండ చుర్రుమంటోంది. పోటు ఎక్కి పాయ ఏరులా ఉంది, మనిషి గుండెల దాకా నీళ్లు. అవతల పాయ ఒడ్డున చెట్టూ చేమా లేదు, సరుగుడు చెట్లు ఎక్కడో వెనకే ఉండిపోయాయి. రజియా మేడం ఇసుకలో కూర్చుని ఉన్నారు. ఆవిడ నెత్తి మీద ఎండ పడకుండా గార్డు గారు చొక్కా విప్పి రెండు చేతులతో గొడుగులా పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ చెప్పులు బురదలో పోతే తన బూట్లు ఆవిడకు తొడిగారు. ఇసుక మీద వట్టి కాళ్లతో ఒక పాదం మార్చి ఒక పాదం ఆనిస్తున్నారు. మమ్మల్ని చూసి ఒక చెయ్యి తీసి, జేబులోంచి పచ్చ చేతిరుమాలు లాగి, మెల్లగా అడ్డంగా ఊపారు. అంతా బాగుందని గార్డు చూపించే సైగ అది. పెదాలు నల్లబడి ఉన్నాయి.

చేపల పడవ ఒకటి పిలిపించి ఇద్దర్నీ ఇవతలికి తెచ్చాం. బిళ్ల ఎవరో తీసి ఇచ్చారు. ఇచ్చింది నేను కాదు. ఆయన నాలుక కింద పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. ప్రెసిడెంటు గారు ఏడుపు గొంతుతో, "బోర్డు చూసి విజిలేశానండీ, బోర్డు వచ్చిందండీ" అంటున్నారు. గార్డు గారు కళ్లు తెరవకుండానే, "సంచీ ముందుకు పంపింది నేనేనండీ" అన్నారు. ఎవరి చేత పంపారో చెప్పలేదు. నా వైపు చూడలేదు కూడా.

మర్నాడు టీ కొట్టు దగ్గర అందరం చేరాం. పాదాలకు కట్లు కట్టుకుని ఆటోలో వచ్చారు. నోట్‌బుక్ తీశారు. "పాలకాయతిప్ప బయలు ఐదు పది. రాక పది ఇరవై. ఆలస్యం రెండు గంటల ఇరవై నిమిషాలు. కారణం..." కళ్లజోడు సర్దుకున్నారు. "కారణం: గార్డు. బోర్డు చేతులు మార్చాడు."

ఎవరూ నవ్వలేదు. ఆయన తన సర్వీసులో ఒక్కసారి కూడా కారణం అన్నచోట గార్డు అని రాసుకోలేదని మాకందరికీ తెలుసు. బండి తెగి సగం వెనకపడ్డ గార్డులు చాలామంది ఉన్నారట, వాళ్లలో ఆయన మాత్రం లేరు. అది ఆయన గర్వం. అది ఒక్కటే గర్వం. నేను టీ తాగుతున్నాను. పంచదార ఎక్కువైందని కూడా అన్నట్టు గుర్తు.

ఆ తరువాత ఆయన నాతో ఏమాత్రం మారలేదు. అంతకుముందులాగే వెనక నడిచారు, అంతకుముందులాగే పటికబెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. కొత్తగా మొదలైంది ఒక్కటే. శనివారాల్లో రిపోర్టు చదవడం అయ్యాక నోట్‌బుక్ మూయకుండా, "ఇంకెవరికైనా చెప్పాల్సింది ఉందాండీ?" అని అడిగేవారు. అడిగి కాసేపు ఆగేవారు. ఎవరూ ఏమీ అనకపోతే మూసేవారు. రైల్వేలో అలాంటి పద్ధతేదో ఉందేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పోవడం నిద్రలోనే పోయారు. పాలకాయతిప్పకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు, నేను రెండుసార్లు అడిగాను. ఆ పొద్దున్న మాకు ఇంకా కబురు తెలియదు. నడక అయ్యాక టీ కొట్టు దగ్గర అందరం గట్టు వైపు తిరిగి నిలబడ్డాం. పాలవాడు వచ్చాడు, సైకిళ్లు వచ్చాయి. పసుపు రేకు రాలేదు. ఇంటికి పోవాలా వద్దా అన్నది ఎవరికీ తోచలేదు.

వాళ్లమ్మాయి సంచీ తెచ్చి క్లబ్బుకిచ్చింది. టీ కొట్టావిడ దాన్ని క్యాలెండరు పక్కన మేకుకు తగిలించింది. ఏడాదిగా అక్కడే ఉంది.

మొన్న శనివారం మళ్లీ ట్రిప్పు మాట వచ్చింది. మూడు రోజులు కలుస్తున్నాయి, సూర్యలంక వైపు వెళ్దామా అని. ప్రెసిడెంటు గారు మేకు వైపు చూసి, "మరి బోర్డు ఎవరికిద్దామండీ?" అన్నారు. "మాస్టారికివ్వండి. ఈ మధ్య ఆయనా మెల్లగానే నడుస్తున్నారు" అన్నారెవరో. నలుగురు నవ్వారు. ఒకాయన లేచి సంచీ మేకు నుంచి తీయబోయాడు.

"ఉండండి" అన్నాను. "ఆ రోజు బోర్డు నా మీద ఉంది. పాయ దగ్గర కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. వాళ్లిద్దరూ అవతల ఉన్నారని తెలిసి కూడా వచ్చి బస్సెక్కి నిద్రపోయాను. కారణం గార్డు కాదు. నేను."

ప్రెసిడెంటు గారు టీ ఊదుకుంటున్నారు. ఊదడం ఆపలేదు. "తెలుసు కదండీ" అన్నారు.

"ఎలా తెలుసు?"

"అదేంటి మాస్టారూ, బోర్డు చూసేగా నేను విజిలేసింది! బోర్డు గాల్లో తేలుకుంటూ రాదు కదండీ. కింద మీరున్నారు. అందరం చూశాం."

ఒక్కొక్కరి ముఖమే చూశాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. మూడేళ్లుగా నేను ఒక్కణ్ణే దాచాను, ఒక్కడి దగ్గరే దాచాను. ఆ ఒక్కడూ నేనే.

రజియా మేడం కుర్చీలోంచి అన్నారు: "నేనైతే ఆ ఎండలోనే తిట్టుకున్నా మిమ్మల్ని, అబద్ధమెందుకూ. తిరిగొచ్చాక నిలదీద్దామనుకున్నాం అందరం. ఆయనే అడగనివ్వలేదు. 'లేటుగా నడుస్తున్న బండండీ, రద్దవలేదు. దానంతటదే వస్తుంది. మీరు లైను క్లియరుగా ఉంచండి చాలు' అన్నారు. శనివారం శనివారం అడిగేవారు చూడండి, చెప్పాల్సింది ఉందా అని. మేమంతా నోరు మూసుకుని కూర్చునేవాళ్లం, మీకోసం."

నేను మేకుకున్న సంచీ వైపు తిరిగాను.

"పోయే ముందు ఆదివారం మా మనవరాలి పుట్టినరోజుకొచ్చారు" అన్నారావిడ. "ఆఖరి బంతిలో తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగారు, 'మాస్టారేమన్నా చెప్పారా మేడం?' అని."

"మీరేమన్నారు?"

"ఇంకా లేదండీ అన్నాను."